రుద్దితే పోనిది

ఆగస్టు 4, ఆదివారం

కొలతల బుక్కును ఎనుకకెల్లి తిప్పి రాస్తున్న. ముందు దిక్కు భూపాలపల్లి ఆడోళ్ళ మెడలు, భుజాలు, చేతులు అన్ని ఉన్నయ్. ఈ దిక్కు ఎవ్వరు తియ్యరు.

ఈ పొద్దు లెక్కల టీచర్ జాకెట్ కుడుతుంటె టేపు చివరి రేకు నా మెడకున్న పులిపిరికి పట్టుకున్నది. కుడి చెవి కింద ఉన్నదే, పెద్దది. నాకు తెల్వలే. మిషన్ మీదికి వంగిన. సుర్రుమన్నది. చూసేసరికి మీగడ రంగు పట్టు మీద రక్తం చుక్క. సల్లనీళ్ళు పెట్టిన, ఉప్పు పెట్టిన. సగం పోయింది, సగం పోలే. ఆ చోట పైపింగు కట్టి కప్పిన. టీచరమ్మ తీస్కపోయేటప్పుడు "కొత్త మోడల్ పెట్టినవా సుమలతా" అని మెచ్చుకున్నది. నేను పైసలు తీసుకున్న.

అద్దంల లెక్క పెట్టిన. పదకొండు. కొన్ని నువ్వుగింజంత. పెద్దది జొన్నగింజంత, కాడ మీద వేలాడుతది. నా బిడ్డ ప్రియ పుట్టినప్పుడు రెండే ఉండె.

ఆగస్టు 11

మా అత్తమ్మ కొమురవ్వ చెప్పింది: దారం బిగించి కట్టు, ఎండి రాలుతయ్. ఒంట్ల వేడికి వస్తయట. ఇంట్ల దారానికి కరువా. కాడకు పట్టుదారం మూడు చుట్లు చుట్టి ముడేసిన. నల్లగయ్యింది. నాలుగోరోజు తలకు పోసుకుంటుంటె ఊడి పడ్డది. పాణం నిమ్మలమయ్యింది.

ఇంకొక రెండింటికి కట్టిన.

ఆగస్టు 20

మళ్ళ లెక్క పెట్టిన. పదమూడు.

ఆగస్టు 28

మెడలు చూసుడే నా పని. ఇన్నేండ్లు గల్లా ఎంత లోతు, ఎంత వెడల్పు అని చూసిన గని మెడను చూడలే. ఇప్పుడు వచ్చినోళ్ళందరికి చూస్తున్న. క్యాంటీన్ల పనిచేసే అక్కకు నాలుగున్నయ్. కొంచెం లావుగుంటది. "నాకు గల్ల మూసి కుట్టు చెల్లె, కాలర్ లెక్క" అన్నది. ఎందుకని నేను అడగలే. ఆమె చెప్పలే. ఇద్దరం ఒకళ్ళ మెడ ఒకళ్ళం చూసుకున్నం.

నీళ్ళు బాగ తాగుతున్న. ఎండలు ఇంక తగ్గలే.

సెప్టెంబర్ 8

అక్క ఫోన్ చేసింది మానుకోట నుంచి. మా రాధక్కకు అన్ని తెలుసు. ఆమె ఉండే ఊరి పక్కన ఎర్రయ్య అని ముసలాయన ఉన్నడట, జీడిగింజ రసం పుల్లతోని అంటిస్తె పులిపిర్లు కాలి రాలుతయట, మళ్ళ రావట. ఎంతోమందికి పోయినయట.

"నువ్వు దవాఖానకు పోవు గద, గిక్కడికన్న రా" అన్నది.

దవాఖానకు పోవు గద అని ఎందుకన్నదో. ప్రియ కాన్పుకు పోలేనా? అమ్మతోని ఎన్నిసార్లు పోలేదు?

సెప్టెంబర్ 15, ఆదివారం

పోయి వచ్చిన. వరంగల్ల బస్సు మారి మానుకోట పోయేవరకు పదకొండు దాటింది. అక్క బస్టాండుకు వచ్చింది.

ఎర్రయ్య మంచిగ మాట్లాడిండు. డెబ్బై ఏండ్లుంటయ్. వాకిట్ల గడంచె మీద కూసోబెట్టి, ఎలుగు దిక్కు మెడ తిప్పమని, కండ్లద్దాలు పెట్టుకోని చూసిండు. చానసేపు చూసిండు. పుల్ల పట్టుకోలే.

"బిడ్డ, మీ అమ్మకు ఉండెనా ఇవి?"

"ఉండె."

"మెడ నల్లగుండెనా, నీ లెక్క?"

నా మెడ ఎనుక నల్లగున్నదని నాకు తెలుసు. పుస్తెలతాడు రాపిడి అనుకున్న. "ఉండె తాత" అన్న.

"ఆమెకు షుగరుండెనా?"

అక్క బోరింగ్ కాడ నీళ్ళు కొడుతున్నది. ఇనబడలే ఆమెకు.

"లేకుండె" అన్న.

"నీకు?"

"లేదు."

"చూపిచ్చుకున్నవా?"

"చూపిచ్చుకున్న."

ఆయన పుల్ల తీసుకున్నడు. "ఎందుకడుగుతున్ననంటె, ఇవి గింత గుంపుగ ఉన్నోళ్ళల్ల చానమందికి షుగరుంటది. నేను సదువుకున్నోన్ని గాదు గని నలభై ఏండ్లు చూసిన. షుగరున్నోళ్ళను నేను ముట్ట. పుండు మానదు బిడ్డ. ఒకామెకు గట్లనే అయ్యి నేను చానా బాధపడ్డ."

తొమ్మిది పులిపిర్లకు అంటిచ్చిండు. మంట. కండ్లల్లకెల్లి నీళ్ళు వచ్చినయ్. ఆయన భార్య కొబ్బరినూనె తెచ్చి ఇచ్చింది. తినిపొమ్మన్నరు. తినలే.

బస్సుల రాంగ అనుకున్న: అమ్మకు షుగరని నాతోని ఏ డాక్టరు చెప్పలే. నాయినతోని చెప్పిండ్రు. నాయిన నాతోని చెప్పిండు. నేను చెవులతోని ఇన్నదేంది, ఆయన అన్నదే గద. అసలు చూసింది కాలు పుండే. కాలు పుండుకే కాలు తీసిండ్రు.

అబద్ధం చెప్పినట్టు కాదు.

సెప్టెంబర్ 19

ఆరు రాలినయ్.

సెప్టెంబర్ 24

మూడు చోట్ల పచ్చిగనే ఉన్నది. పసుపు పెట్టిన. జాకెట్ గల్లకు అంటుకుంటున్నది. పుస్తెలతాడు దాని మీదనే పడుతది. పొద్దున లేస్తె బంగారం చర్మానికి అతుక్కోని ఉంటున్నది, తీస్తె మళ్ళ రక్తం.

ఈ పొద్దు తీసి దేవుని గూట్ల పెట్టిన. పావుగంట కూడా కాలే. అత్తమ్మ చూసింది.

"ఆడు బాయిల ఉన్నడు" అన్నది. గంతే అన్నది. కేకెయ్యలే, తిట్టలే. గూట్లకెల్లి తాడు తెచ్చి నా చేతుల పెట్టింది. మా ఆయన ఉప్పలయ్య బొగ్గుబాయిల మొదటి షిఫ్టుకు పోయిండు, భూమి కింద మూడు వందల మీటర్ల లోతుల ఉన్నడు, నా చేతుల పుస్తెలు ఉన్నయ్. ఏం జేస్త? ఏసుకున్న. మధ్యల గుడ్డపేలిక మడిచి పెట్టుకున్న.

ఆయన మూడున్నరకు వచ్చి తానం చేసి అన్నం తింటుంటె అత్తమ్మే చెప్పింది, నీ పెండ్లాం తాడు తీసిందని. ఆయన ముద్ద నములుకుంట ఇన్నడు.

"అవ్వ, బాయి పైకప్పును బోల్టులు ఆపుతయ్. దీని పుస్తెలు గాదు" అన్నడు.

అత్తమ్మ లేచి పోయింది. ఆయన నా మెడ దిక్కు చూసి, "దవాఖానకు పో" అన్నడు. "పోత" అన్న. "ఎప్పుడు?" "పండుగైనంక."

ఆయన పండుకున్నడు. బాయి పని చేసి వచ్చినోన్ని ఇంకొకసారి అడుగు అని ఎట్ల అంట.

అక్టోబర్ 2, బుధవారం

ప్రియ వచ్చింది. దసరా సెలవులు. జనగామ కాడి గురుకులం నుంచి వాళ్ళ నాయిన పోయి తీస్కచ్చిండు. తొమ్మిదో తరగతికే నా భుజం దాటింది. లావయ్యింది. హాస్టల్ల అన్నమేనాయె మూడు పూటల.

చున్నీ మెడకు చుట్టుకోని ఉన్నది. గింత ఉక్కల ఎందుకే అంటె "అలవాటు" అన్నది.

అక్టోబర్ 5

ఇది రాయాలె.

పొద్దున ప్రియకు తల దువ్వుదామని కూసోబెట్టిన. జడ పైకెత్తిన. మెడ ఎనుక నల్లగ, మందంగ, గీతలు గీతలుగ. మురికి పట్టినట్టు. చంకల్ల గూడ ఉన్నదట. నాకు కోపం వచ్చింది. హాస్టల్ల నీళ్ళుండవా, సబ్బుండదా, ఆడపిల్లవు మెడ కడుక్కోను శాతగాదా అన్న.

"కడుక్కుంట అమ్మ."

"కడుక్కుంటె గిట్లుంటదా?"

బాత్‌రూంల కూసోబెట్టి శెనగపిండి, నిమ్మకాయ, తినే సోడ కలిపి పెట్టి, బీరపీచుతోని రుద్దిన. పోలే. ఇంకా రుద్దిన. అది మోకాళ్ళ నడుమ తల పెట్టుకోని కూసున్నది. "అమ్మ మండుతున్నది" అన్నది ఒకసారి. "మండితెనే పోతది" అన్న. ఇంకోసారి అనలే. నీళ్ళు పోస్తె ఎర్రగ వచ్చినయ్.

అప్పుడు ఆపిన.

నలుపు పోలే. ఎరుపు, నలుపు రెండు ఉన్నయ్ ఇప్పుడు.

మంచికోసమే చేసిన. నేను కాకపోతె ఎవరు జేస్తరు దానికి.

అక్టోబర్ 6

నాతోని మాట్లాడుత లేదు. అత్తమ్మ దాని మెడకు వెన్న రాసింది.

అక్టోబర్ 10

సద్దుల బతుకమ్మ. క్వార్టర్ల ముంగట అందరు ఆడిండ్రు. ప్రియ కొత్త లంగా ఓణి ఏసుకున్నది, నేనే కుట్టిన, పచ్చది, ఎర్ర అంచు. జడ ముడి పెట్టి పూలు పెడదామంటె వద్దన్నది. ఎంటికెలు ఇరబోసుకున్నది, దాని మీద చున్నీ. గుంపుల తిరుగుతుంటె చెమటకు చున్నీ జారుతుంది, అది సదురుకుంటుంది. చప్పట్లు కొట్టకుంట చేతులు మెడ కాడనే.

నేను గూడ ఒక చెయ్యితోని కొంగు పట్టుకోనే ఆడిన.

అక్టోబర్ 13

రేపు హాస్టల్‌కు పోవాలె. పోను అన్నది. వాళ్ళ నాయిన అడిగితె ఏడుస్తది గని చెప్పదు. చివరికి నానమ్మతోని చెప్పింది. క్లాసుల దాన్ని "బొగ్గు" అంటరట. భూపాలపల్లి పిల్ల గద, మెడల బాయి ఉన్నదంటరట. జడలు మడిచి రిబ్బన్లు కట్టాలె, మెడ అందరికి కనబడుతది. ఖోఖో ఆడుడు బంద్ చేసిందట, ఎనుక కూసున్న పిల్లలు చూస్తరని.

నేను అన్న: "మంచిగ తోముకుంటె ఎవ్వరు అనరు."

అది నా దిక్కు చూసింది. నేను మిషన్ దిక్కు తిరిగిన.

అక్టోబర్ 14

పోయింది.

అక్టోబర్ 17, గురువారం

జ్వరం మూడు రోజుల సంది. చెవి కింద పుండు చీము పట్టింది, మెడ తిప్పరాలే. ఉప్పలయ్య డ్యూటీ ఇడిచిపెట్టి దవాఖానకు తీస్కపోయిండు. ఏలికి సూది పొడిచి చూసిండ్రు. మూడు వందల నలభై రెండు. దవాఖానలనే మంచమిచ్చి పండుకోబెట్టిండ్రు. మూడు నెలల షుగర్ అని ఇంకొకటి చూసిండ్రు, పదకొండు దాటింది.

చర్మం డాక్టరమ్మ వచ్చింది. చిన్న పిల్ల, ముప్పై ఉంటయో లేవో. పుండు శుభ్రం చేసుకుంట మాట్లాడింది.

"ఎవరు కాల్చారమ్మా?"

చెప్పిన.

"షుగర్ ఉందని ఆయనకు తెలుసా?"

"తెల్వదు."

"వీటిని అందరూ పులిపిర్లే అంటారు కానీ ఇవి అసలు పులిపిర్లు కావు. అవి అంటుకునే జబ్బు, ఇవి కాదు. మేము స్కిన్ ట్యాగులంటాం. మెడ దగ్గర, చంకల్లో, రాపిడి ఉన్నచోట చర్మం ఇట్లా కాడలా పెరుగుతుంది. కొందరికి వంశంలో ఉంటుంది, కొందరికి కాన్పుల టైంలో వస్తాయి, బరువు పెరిగితే వస్తాయి. వీటితో ప్రాణానికి ఏమీ కాదు. అడ్డమైతే మేమే పది నిమిషాల్లో తీసేస్తాం. కానీ గుంపుగా వచ్చాయంటే ఒకసారి షుగర్ చూసుకోవాలి."

తర్వాత నా మెడ ఎనుక ఏలు పెట్టింది.

"ఇది చూడండి, ఈ నలుపు. ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచెయ్యకపోతే చర్మం ఇట్లా నల్లగా, మందంగా అవుతుంది. చాలామంది మురికి అనుకుని రుద్దుతారు. ఇది మురికి కాదమ్మా. రుద్దితే పోదు."

ఉప్పలయ్య నా దిక్కు చూసిండు. నేను గోడ దిక్కు చూసిన.

అక్టోబర్ 18

ప్రియకు లేదు. దానికి పద్నాలుగేండ్లే.

అక్టోబర్ 19

రుద్దితే పోదు అన్నది.

అక్టోబర్ 21

ఇంటికి పంపిచ్చిండ్రు. ఇన్సులిన్ కొన్నాళ్ళు, తర్వాత గోళీలంట. పుండుకు దినాం కట్టు కట్టాలె. మెడల ఏది ఏసుకోవద్దు, మానెదాక.

కట్టు అత్తమ్మ కడుతున్నది. మొదటిసారి విప్పినప్పుడు ఆమె చేతులు ఆగినయ్. లోతు చూసింది. పుస్తెలతాడు తీసి కడిగి, గూట్ల అమ్మోరి పటం కాడ పెట్టి, పసుపు కొమ్ముకు దారం కట్టి నా చేతికి కట్టింది. ఉప్పలయ్య షిఫ్టుకు పోయేటప్పుడల్ల గూట్ల దీపం ముట్టిస్తున్నది. నన్ను ఒక్క మాట అనలే.

అక్టోబర్ 24

పండుకోని ఉండుడే గద, రాస్త. ఎన్నడో రాయాల్సింది.

అమ్మకు షుగరుండె. నాకు తెలుసు. మా తల్లిగారూరు నర్మెట్ట. అమ్మ, దుర్గమ్మ, పత్తి ఏరను పోయేది. మెడ చుట్టు నల్లటి పట్టీ ఉండె, ఎండకనుకున్నం. పులిపిర్లు ఉండె, చిన్నప్పుడు నేను ఏలితోని ఊపేదాన్ని, ఆమె నవ్వేది. కాలికి పత్తికట్టె గుచ్చుకున్నది. మానలే. ఏలు తీసిండ్రు, తర్వాత పాదం, తర్వాత మోకాలి కింది దాక. ఏడు నెలలకు పోయింది. దవాఖానల ఉన్నన్ని దినాలు నేనే ఉన్న. అక్కడి డాక్టరు నాతోనే అన్నడు, బిడ్డలు మీరిద్దరు కూడా చూపించుకోవాలె అని. నాతోనే అన్నడు, నాయినతోని గాదు. అక్క చూపిచ్చుకున్నది, ఆమెకు లేదు. నేను పోలే. మూడేండ్లాయె. పోతె ఉన్నదంటరు, ఉన్నదంటె కాలు యాదికొస్తది. పోకుంటె లేనట్టే ఉంటది.

ఎర్రయ్య తాత అడిగినప్పుడు నిజం చెప్తె ఆయన ముట్టకపోతుండె. నేను ఉత్తగనే వాపసు వస్తుంటి, దవాఖానకు పోయేదాన్నో పోకపోయేదాన్నో గని నా మెడ గిట్ల కాకపోతుండె. ఆయన తప్పు లేదు. అక్కతోని ఫోన్ల చెప్పిన. ఆ ముసలాయనతోని చెప్పు, నేను అబద్ధం చెప్పిన అని చెప్పు అన్న.

ప్రియ సంగతి అక్కతోని చెప్పలే.

అక్టోబర్ 26

ఎర్రయ్య కబురు పంపిండట: చెప్పి మంచి పని చేసినవు బిడ్డ, ఇగ నేను ఎవ్వరికి అంటియ్య, నాకు చూపు గూడ తగ్గింది. అక్క అన్నది, తాత మస్తు పరేషాన్ అయ్యిండని.

నవంబర్ 1

ప్రియకు లేదనుకుంటున్న గని దాని మెడ నా మెడనే.

ఉప్పలయ్యతోని చెప్పిన. బీరపీచు సంగతి, రక్తం సంగతి, అన్ని. "నేను ఇంట్లనే ఉన్న గద ఆ పొద్దు. నాకు ఇనబడ్డది, తల అంటుతున్నవనుకున్న" అన్నడు. తర్వాత అన్నడు, "రెండో ఆదివారం తల్లిదండ్రులను రానిస్తరు గద, హాస్టల్‌కు పోదాం. ఇద్దరం పోదాం."

నేనొక్కదాన్నే పోత అన్న.

నవంబర్ 10, ఆదివారం

పొద్దుగాల మొదటి బస్సుకు పోయిన. ఇంకా నీరసంగనే ఉన్నది. హన్మకొండల దిగి రెండు ఇడ్లీ తిన్న, మందు ఏసుకున్న. గురుకులం కాడికి పోయేసరికి వరండ నిండ తల్లిదండ్రులు, టిఫిన్లు, చాపలు. ప్రియ వచ్చింది. చున్నీ.

వేపచెట్టు కింద కూసున్నం. అన్నం తెచ్చిన, తిన్నది. ఎంటికెలు మొహం మీద పడుతుంటె తీద్దామని చెయ్యి పెట్టబోయిన.

అది ఎనుకకు జరిగింది.

కొట్టబోతె జరిగినట్టు గాదు. ఏడి గిన్నె కాడికెల్లి చెయ్యి తీస్తం చూడు, గట్ల. దానికి తెల్వకుంటనే జరిగింది. నా చెయ్యి గాలిల ఉండిపోయింది.

నేను నా కొంగు తీసిన. కట్టు ఇప్పినంక మెడ ఎట్లున్నదో అది చూడలే ఇంతవరకు. చెవి కింద గుంట, ఎర్ర మచ్చలు, మిగిలిన నాలుగు పులిపిర్లు, ఎనుక నలుపు.

"ఏమైందమ్మ?"

చెప్పిన. అమ్మమ్మ కాడికెల్లి మొదలు పెట్టి చెప్పిన. తాతతోని చెప్పిన అబద్ధం చెప్పిన. డాక్టరమ్మ చెప్పింది చెప్పిన.

"అంటె నాది మురికి గాదా?"

"కాదు బిడ్డ. ఎన్నడు గాదు. తప్పు నాది. నిన్ను రుద్దిన, రక్తం వచ్చెదాక రుద్దిన. నాకు తెల్వక రుద్దిన అని చెప్పుకోవచ్చు గని, తెలుసుకునే అవకాశం ఉండె. తెలుసుకోలే. భయపడ్డ."

అది గడ్డిపోచలు పీకుతున్నది. ఏడుస్తదనుకున్న. ఏడువలే.

"నేను దినాం రుద్దుకుంటున్న అమ్మ. బట్టల బ్రష్‌తోని" అన్నది. "నువ్వు చెప్పినవని."

చున్నీ తీసింది. ఏం చూసిననో రాయ.

తర్వాత అది అడిగింది: "నాతోని చెప్పినవు, మంచిది. వాళ్ళతోని చెప్తవా?"

"ఎవరితోని?"

"నా రూముల పిల్లలతోని. నేను చెప్తె నమ్మరు."

మంది ముంగట ఎన్నడు మాట్లాడినదాన్ని గాదు. జాకెట్లు ఇచ్చేటప్పుడు గూడ తక్కువ మాట్లాడుత. మేడం‌ను అడిగిన. ఆమె మంచిది, రూముకు తీస్కపోయింది. పది పన్నెండు మంది పిల్లలు మంచాల మీద. ఏం చెప్పాల్నో ముందుగాల అనుకోలే. కొంగు తీసి ఎనుకకు తిరిగి నిలబడ్డ. అందరికి కనబడేటట్టు. గోడకు మొహం పెట్టుకోనే చెప్పిన.

"ఇది షుగర్ బిడ్డా. మురికి గాదు. నాకున్నది, మా అమ్మకుండె, ప్రియకు చూపియ్యాలె. రుద్దితే పోదు, రుద్దితే పుండయితది. నేను రుద్దిన దానికి. మీరెవ్వరు దాన్ని అనకున్రి. అనాల్నంటె నన్ను అనున్రి."

ఒక పిల్ల "సారీ ఆంటీ" అన్నది. నాకెందుకు సారీ, దానికి చెప్పు అన్న. చెప్పింది.

గేటు దాక వచ్చింది ప్రియ. బస్సు ఎక్కేటప్పుడు నా కొంగు అదే సదిరి మెడ మీద కప్పింది, చలికని.

నవంబర్ 16

జనగామల ప్రియకు రక్తం తీపిచ్చినం. ఉప్పలయ్య సెలవు పెట్టి వచ్చిండు. షుగరు రాలే ఇంక. అంచు మీద ఉన్నదట. బరువు తగ్గాలె, అన్నం తగ్గించాలె, ఆడాలె. డాక్టరు అన్నడు, ఇప్పుడు పట్టుకుంటె ఆగుతది, నలుపు గూడ మెల్లగ తగ్గుతది, నెలలు పడుతది అని.

నెలలంటె పడనియ్.

నవంబర్ 25

నాది పొద్దున పరిగడుపున నూట యాభై ఎనిమిది. అలసటగనే ఉన్నది. రెండు జాకెట్లు కుడితె పండుకోవాలె అనిపిస్తది. అత్తమ్మ జొన్నరొట్టెలు చేస్తున్నది, ఆమెకు పండ్లు లేవు, పాలల్ల నానబెట్టుకోని తింటది మాతోని. నీకు అన్నం వండుత అత్త అంటె "ఒక ఇంట్ల రెండు పొయ్యిలెందుకు" అన్నది.

డిసెంబర్ 3

డాక్టరమ్మ మిగిలిన నాలుగు తీసింది. మంట లేదు, వాసన వచ్చింది కొంచెం. మళ్ళ వస్తయా అంటె రావచ్చు అన్నది. వస్తె రానియ్. తాడు ఏసుకున్న మళ్ళ, పొడుగు చేపిచ్చి, మెడకు ఒరుసుకోకుంట. అత్తమ్మ దీపం మాత్రం బంద్ చెయ్యలే.

డిసెంబర్ 8, ఆదివారం

ఈ నెల పోలేకపోయిన, జ్వరం. ప్రియ హాస్టల్ ఫోన్ల మాట్లాడింది. ఖోఖోకు మళ్ళ పోతున్నదట. ఇంకా బొగ్గు అంటరా అంటె, ఒకరిద్దరంటరు, అననియ్ అన్నది. అన్నం ఒక్క గంటెడే పెట్టిచ్చుకుంటదట, మేడం చూస్తదట.

తర్వాత గొంతు తగ్గించింది.

"అమ్మ, పూజ అని ఉన్నది, ఎనిమిదో క్లాసు. దేవరుప్పుల దిక్కు తండా. నువ్వు వచ్చినప్పుడు తలుపు కాడ నిలబడి ఇన్నదట. దానికి గూడ మెడ గట్లనే ఉన్నది, నాకంటె ఎక్కువ. వాళ్ళ అమ్మానాయిన పుణె పోయిండ్రు పనికి, సంక్రాంతి దాటినంకనే వస్తరట. ఎవ్వరికి చెప్పలే అది. నువ్వు వచ్చినప్పుడు దాన్ని గూడ తీస్కపోతవా రక్తం తియ్యను?"

నాకు అప్పటికే ఒళ్ళు కాలుతున్నది. వాళ్ళ తల్లిదండ్రులను అడుగాలె, మేడం‌ను అడుగాలె, పోయి రాను దినమంత పడుతది. ఒకళ్ళ సంగతే ఎల్తలేదు, ఇంకొకరా అనిపిచ్చింది. నిజం రాస్తున్న, అనిపిచ్చింది.

"వాళ్ళ అమ్మ నంబర్ పంపు. మాట్లాడుత" అన్న.

"ఇక్కడనే ఉన్నది. ఇస్తున్న" అన్నది ప్రియ.

ఊపిరి ఇనబడ్డది. నేను హలో బిడ్డ అన్న. తర్వాత చిన్న గొంతు వచ్చింది.

"ఆంటీ, సూది నొప్పి పెడ్తదా?"

పెట్టదు అని నోటిదాక వచ్చింది.

"కొంచెం పెడ్తది" అన్న.